హిరోషిమాకు ఒక్క పూట చాలదు

మన హైదరాబాద్‌లో జపాన్ ప్యాకేజీలు అమ్మేవాళ్ళు హిరోషిమాను ఒక్క పూటలో చుట్టబెట్టిస్తారు. పొద్దున్నే ఒసాకాలో బుల్లెట్ రైలు, అణుబాంబు దెబ్బకు మొండిగా మిగిలిన డోమ్ ముందు ఫొటో, బాంబు బాధితుల మ్యూజియంలో గంట, ఆపైన మియాజిమా దీవికి పడవ. అది వద్దనుకుని మేం అక్కడే బస చేశాం. మంచి పనైంది.

మ్యూజియం టికెట్టు పెద్దలకు 200 యెన్లే. తెరవగానే లోపలుండాలి. కాసేపటికే బడిపిల్లలతో గంట కొట్టే వేళ సాలార్‌జంగ్ గడియారం ముందున్నట్టే ఉంటుంది. కాలిన బట్టలు, మూడేళ్ళ పిల్లాడి మూడుచక్రాల సైకిలు దగ్గర అందరూ ఆగుతారు. ఆ తర్వాతి గదులను మాత్రం టైమైపోయిందని దాటేస్తారు. నన్నడిగితే టికెట్టు డబ్బులు గిట్టేది అక్కడే. సదాకో ససాకి అనే పాపకు బాంబు పడ్డనాడు రెండేళ్ళు, పైకి ఏ గాయమూ లేదు. 1955లో, పన్నెండేళ్ళకు, ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌తో పోయింది. ఆస్పత్రిలో మడిచిన కాగితపు కొంగల్లో కొన్ని గోరంతే ఉన్నాయి.

మా అత్తమ్మ రెడ్ హిల్స్ క్యాన్సర్ ఆస్పత్రిలో కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకున్న మనిషి. "మాకైతే గీతలు గీసి ఆడ్నే పెట్టిండ్రు. వీళ్ళకు ఒళ్ళంత తగిలిందా బిడ్డా?" అనడిగింది. ఒళ్ళంతానే. మూలుగ దెబ్బతిని ల్యుకేమియా కొన్నేళ్ళలోనే పెరిగింది. రొమ్ము, ఊపిరితిత్తులు, జీర్ణాశయం క్యాన్సర్లు దశాబ్దాల తర్వాత కూడా బయటపడ్డాయి. తల్లి కడుపులో ఉండగా రేడియేషన్ తగిలినవాళ్ళలో కొందరు చిన్న తలతో, ఎదగని బుద్ధితో పుట్టారు. అమెరికా 1947లో అక్కడ బాధితుల మీద పరిశోధనకు ఏబీసీసీ అనే సంస్థ పెట్టింది. రక్తం తీసుకుని పరీక్షలు చేసేది, వైద్యం మాత్రం చేసేది కాదు! బాధితుల వైద్యానికి జపాన్ చట్టం 1957లో గానీ రాలేదు. అప్పుడు బాధితులకిచ్చిన ఆరోగ్య పుస్తకం కూడా, సంగతి బయటపడితే పిల్లల పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయని కొందరు తీసుకోలేదు.

బాధితుల కథలను వాళ్ళ దగ్గరే నేర్చుకున్న వారసులు మ్యూజియంలో ఉచితంగా వినిపిస్తారు, ఇంగ్లీషులోనూ ఉంటాయి. వేళలు ముందే చూసుకోండి. ప్యాకేజీలో వెళ్తే ఇది దొరకదు.

బస స్టేషన్ దగ్గర కన్నా హోందోరి బజారు వైపు మేలు, మ్యూజియం ఉన్న పార్కుకు నడిచిపోవచ్చు. మా బిజినెస్ హోటల్ శుభ్రమే గానీ సూట్‌కేసు తెరిస్తే కాలు పెట్టే చోటు లేదు. ట్రాములు బాగున్నాయి. తిండే తిప్పలు: ఒకోనోమియాకి అనే అక్కడి అట్టులో మాంసం వద్దన్నా చేపపొడి పడుతుంది. శాకాహారులైతే పులిహోర పొడి, అటుకులు సర్దుకోండి, వేడన్నం ప్యాకెట్లు ఏ సందు దుకాణంలోనైనా దొరుకుతాయి.