సోమవారం కట్ట: ఇన్‌బాక్స్ యాప్ వాడినప్పుడు, అది పోయాక

నా జీమెయిల్ ఐడీ పాతది. అంకెలేవీ తగిలించకుండా, ఇంటిపేరుకీ పేరుకీ మధ్య ఒక చుక్కతో దొరికింది. దాని ఫలితం ఇప్పటికీ అనుభవిస్తున్నాను. అచ్చం నా పేరే ఉన్న ఒకాయన, చుక్క తీసేసి అదే ఐడీని కనిపించిన ప్రతి కౌంటర్‌లోనూ ఇస్తుంటాడు. జీమెయిల్ చుక్కల్ని పట్టించుకోదు కాబట్టి ఆయనకు వెళ్లాల్సినవన్నీ నాకే వస్తాయి. బైకు సర్వీసింగ్, పాప స్కూలు ఫీజు, ఆషాఢం డిస్కౌంట్లు అన్నీ. ఇవి స్పామ్ కావు, ఎవరికో కావలసిన మెయిల్సే. స్పామ్ బటన్ నొక్కితే, రేపు అదే కంపెనీ నాకు పంపే అసలు బిల్లు కూడా అటే పోతుందేమోనని టెన్షన్.

ఈ బాధ నుంచి కొన్నేళ్లు నన్ను కాపాడింది గూగుల్ వాళ్ల 'ఇన్‌బాక్స్', మన జీమెయిల్‌నే ఇంకో రకంగా చూపించే యాప్. 2014 అక్టోబరులో ఆహ్వానం ఉన్నవాళ్లకే ఇచ్చారు, 2015 మేలో అందరికీ తెరిచారు. మెయిల్ పని అయిపోతే టిక్కు కొట్టడం, ముఖ్యమైనదానికి పిన్ను గుచ్చడం, తర్వాత చూద్దామనుకున్నదాన్ని స్నూజ్ చేయడం అన్నీ బాగుండేవి. టికెట్టూ హోటల్ బుకింగూ తనే వెతికి ఒక ప్రయాణం కింద పేర్చి పెట్టేది. అన్నీ ఖాళీ చేస్తే సూర్యుడి బొమ్మ కనిపించేది. అది చూడటానికే రాత్రిపూట కూర్చుని మెయిల్స్ తుడిచిన రోజులున్నాయి.

నాకు ప్రాణం మాత్రం బండిల్స్. ఒక రకం మెయిల్స్‌ని ఒక కట్టగా కట్టడం పెద్ద విశేషం కాదు, ఫిల్టరు (ఇలాంటి మెయిల్ వస్తే ఇలా చెయ్యి అనే నియమం) పెట్టి లేబుల్ వేస్తే ఎవరైనా చేయొచ్చు. ఆ కట్ట ఎప్పుడు కనపడాలో కూడా మనమే చెప్పగలగడం అసలు సంగతి: వచ్చినప్పుడల్లా, రోజుకోసారి, లేదా వారానికోసారి. నా పేరుగల ఆయన కోసం ఒక కట్ట చేసి వారానికోసారి అని పెట్టాను. వారమంతా చప్పుడు లేదు. సోమవారం పొద్దున ఒకే వరుసలో అన్నీ దిగేవి. కాఫీ తాగుతూ ఒకసారి పైనుంచి కిందికి చూసి, నాకు సంబంధించింది ఏదైనా ఉంటే పిన్ చేసి, మిగతావన్నీ స్వీప్‌తో ఒక్క నొక్కుకి ఊడ్చేసేవాణ్ని. రెండు నిమిషాల పని.

2018 సెప్టెంబరులో మూసేస్తున్నామని ప్రకటించారు, 2019 ఏప్రిల్‌లో మూసేశారు. స్నూజ్ అప్పటికే జీమెయిల్‌లోకి వచ్చింది. కట్టలకు వేళ పెట్టే సౌకర్యం రాలేదు. ప్రచార మెయిల్స్‌ని విడిగా పెట్టే ప్రమోషన్స్ ట్యాబ్ జీమెయిల్‌లో ఉంది కదా అంటారు. ట్యాబ్ ఎప్పుడూ నిండుతూనే ఉంటుంది, సోమవారం దాకా ఆగమంటే ఆగదు.

సరేనని ఫిల్టర్లు రాసుకున్నాను: ఆయన మెయిల్స్ జీమెయిల్ ఇన్‌బాక్స్‌లోకి రాకుండా నేరుగా లేబుల్‌లోకి. ఆ లేబుల్ మన అటక లాంటిది, పైన పెట్టిన సామాను తనంతట తాను కిందికి దిగదు. నేను అతిగా రాసిన ఒక ఫిల్టరు నా కారు ఇన్సూరెన్స్ రెన్యువల్ మెయిల్‌ని కూడా పట్టుకుపోయింది. గడువు దాటిన పదకొండో రోజున తెలిసింది. గడువు దాటినందుకు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన కుర్రాడు కారు చుట్టూ తిరిగి వీడియో తీస్తుంటే పక్కన నిలబడ్డాను. తప్పు నాదే. కానీ పాత యాప్‌లో అయితే సోమవారం దొరికేది.

ఇప్పుడు చేస్తున్నది చెప్తాను. షాపుల్లో ఐడీ ఇచ్చేటప్పుడు చివర ప్లస్ గుర్తు పెట్టి షాపు పేరు కలుపుతాను. మెయిల్ నాకే వస్తుంది, ఎవరి ద్వారా పాకిందో తెలుస్తుంది. కొన్ని వెబ్‌సైట్లు ప్లస్‌ని ఒప్పుకోవు, అది వేరే గోల. 2024 నుంచి జీమెయిల్‌కి రోజుకు 5,000 పైన పంపేవాళ్లు తమ ప్రచార మెయిల్స్‌లో ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలు ఇవ్వాలన్న నిబంధన వచ్చాక, నిజంగానే కొంత తగ్గింది. ఇక ఆ అటక లేబుల్‌ని చూడమని సోమవారం 7 గంటలకు ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను. సగం వారాలు దాన్ని కూడా స్నూజ్ చేస్తాను.

చూసిన వారాల్లో ఆయన సంగతులు తెలుస్తుంటాయి. పోయిన వారం ఇంట్లో కొత్త గీజర్ పెట్టించారు, వారంటీ కార్డు నా దగ్గరుంది.