సొంత లేబులా, ట్రాక్సా?

రికార్డును సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) పెట్టి వేసుకోవాలా, ట్రాక్స్ రికార్డ్స్ లాంటి కంపెనీకి ఇచ్చేయాలా? షికాగో హౌస్ అనే డాన్స్ సంగీతంలో ఈ రెండు దారులూ చూసిన సంగీతకారుడు లారీ హర్డ్. 1985లో 'మిస్టరీ ఆఫ్ లవ్'ను సొంత లేబుల్ అలీవియేటెడ్ మీద వేశాడు. మరుసటి ఏడాది 'కెన్ యూ ఫీల్ ఇట్' ట్రాక్స్ రికార్డ్స్ నుంచి వచ్చింది.

ట్రాక్స్ బలమంతా అప్పటి యజమాని లారీ షెర్మన్ చేతిలో ఉన్న ప్రెస్సింగ్ ప్లాంటు. టేపు ఇస్తే చాలు, డిస్కు అచ్చయ్యి డీజేల చేతిలో పడేది. కాకపోతే పాత రికార్డులను కరిగించి వాడేవారని పేరు. సూది పెట్టగానే పాటకంటే ముందు చిటపటలు మొదలవుతాయి. (అవే ఇష్టమనే సేకర్తలూ ఉన్నారు, వాళ్లకో దండం!) అసలు పేచీ డబ్బు దగ్గర. రాయల్టీలు అందలేదంటూ హర్డ్, గాయకుడు రాబర్ట్ ఓవెన్స్ 2020లో కోర్టుకెక్కారు. 2022లో రాజీ కుదిరాకే హక్కులు తిరిగొచ్చాయి.

సొంత లేబుల్‌లో ప్రెస్సింగ్ ఖర్చు, షాపులకు సరఫరా, బాకీల వసూలు అన్నీ మన నెత్తినే. చేరే జనమూ తక్కువే. అయినా నా ఓటు దీనికే, ఎందుకంటే పాట మీద హక్కు చేయి దాటదు. హర్డ్ కూడా 2018లో మిస్టర్ ఫింగర్స్ పేరుతో 'సెరెబ్రల్ హెమిస్ఫియర్స్' ఆల్బమ్‌ను అలీవియేటెడ్ మీదే తెచ్చాడు.