హెడ్‌లైట్ ఫోకస్: గోడ మేలా, యంత్రం మేలా?

కారు హెడ్‌లైట్ల ఫోకస్‌ను ఇంటి దగ్గర గోడ మీద చూసుకుని మనమే సరిచేసుకోవచ్చా, లేక సర్వీస్ సెంటర్‌కు తీసుకువెళ్లి యంత్రంతోనే చేయించాలా అని, ముఖ్యంగా పండగ ప్రయాణాలు మొదలయ్యే రోజుల్లో, చాలామంది నన్ను అడుగుతుంటారు. గత సంక్రాంతి దాకా "యంత్రమే" అని ఒక్క మాటలో చెప్పి ఊరుకునేవాణ్ణి. ఆ పండక్కి ఊరికి వెళ్లి వచ్చాక నా జవాబు మారింది. ఎందుకు మారిందో ఒక్క మాటలో చెప్పగలిగేది కాదు కనుక ఇంత రాయవలసి వస్తోంది. నేను మాట్లాడబోయేది లో బీమ్ గురించి, అంటే ఎదుటివారి కళ్లలో పడకుండా కిందికి దించి వేసే వెలుగు గురించి మాత్రమే. చాలా కార్లలో హై బీమ్ దానితో పాటే కదులుతుంది కాబట్టి దాన్ని విడిగా పట్టించుకోనక్కరలేదు.

గోడ మీద పడిన లో బీమ్ పై అంచు కుడివైపు అడ్డగీతలా చదునుగా ఉండి, మధ్య నుంచి ఎడమవైపుకు సుమారు 15 డిగ్రీల వాలుతోనో, కొన్ని కొత్త దీపాల్లో చిన్న మెట్టులాగానో పైకి లేస్తుంది. ఎదురుగా వచ్చేవారి కళ్లలో పడకుండా, మన పక్క రోడ్డు అంచున నడిచేవారిని చూపించడానికే ఈ ఏర్పాటు. ఆ అడ్డగీత దీపం ఎత్తు కంటే ఎంత కిందికి దిగాలన్నదే అసలు సంగతి. చాలా కార్లలో బోనెట్ ఎత్తితే, దీపం దగ్గరో, కంపెనీ రేకు దగ్గరో, చిన్న దీపం బొమ్మ పక్కన 1.0 అనో, 1.2 అనో ఒక శాతం ముద్రించి ఉంటుంది. ఒక శాతం అంటే మీటరు దూరానికి ఒక సెంటీమీటరు దిగడం. 5 మీటర్ల దూరంలోని గోడ మీద 5 సెంటీమీటర్లు, 10 మీటర్లయితే 10 సెంటీమీటర్లు.

ఈ అంకె చిన్నదిగా కనిపిస్తుంది గానీ రోడ్డు మీద దాని ప్రభావం చాలా పెద్దది. దీపం నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, ఒక శాతం వాలుతో దాని అంచు 65 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. వాలు రెండు శాతమైతే 32 మీటర్ల దగ్గరే వెలుగు ఆగిపోతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది కాబట్టి, అడ్డంగా నిలబడ్డ గేదెను చూసి, తేరుకుని, బ్రేకు మీద కాలు వేసేందుకు పట్టే ఒకటిన్నర సెకన్లలోనే ఆ 32 మీటర్లూ అయిపోతాయి. అలాగని గీతను అర శాతానికి ఎత్తితే వెలుగు 130 మీటర్లు సాగుతుంది గానీ, రోడ్డు మీద ఒక చిన్న ఎత్తుపల్లం తగిలిన ప్రతిసారీ అది ఎదుటివారి కళ్లలో కొడుతుంది. ఇంత సన్నని హద్దుల మధ్య పెట్టవలసిన గీత కాబట్టి, ఎవరు ఏ సాధనంతో పెడితే అది నిలుస్తుందన్న ప్రశ్న వస్తోంది.

సాధనంగా చూస్తే యంత్రానిదే పైచేయి. అందులో వాదన లేదు. పట్టాల మీదో, చక్రాల మీదో జరిగే స్తంభానికి ఒక పెట్టె తగిలించి ఉంటుంది. దాని ముందు ఒక పెద్ద కటకం, లోపల గీతలు గీసిన తెర ఉంటాయి. దీపానికి ఒక అడుగు ఎడంలో నిలిపితే, 10 మీటర్ల అవతల గోడ మీద పడవలసిన బొమ్మ ఆ పెట్టెలో అరచేయంత కనిపిస్తుంది. పక్కనున్న చక్రాన్ని తిప్పి శాతాన్ని పెట్టి, అంచు ఆ గీత మీదకు వచ్చేదాకా దీపం మర సర్దితే పని అయిపోతుంది. వెలుగు తీవ్రతను కూడా అది కొలుస్తుంది కాబట్టి, లోపలి రిఫ్లెక్టర్ మసిబారి దీపమే నీరసించిందన్న సంగతి బయటపడుతుంది. గోడ ఆ సంగతి చెప్పదు.

అయితే ఆ పెట్టె కొలిచేది, ఆ క్షణంలో కారు నిలబడ్డ తీరుకు దీపం ఎటు చూస్తోందన్నది మాత్రమే. ఈ ప్రశ్నలో తీర్పు చెప్పేది సాధనం కాదని, కొలిచేటప్పుడు కారు నిలబడ్డ తీరేనని నా అభిప్రాయం. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో ముందు, వెనుక చక్రాల మధ్య దూరం సుమారు రెండున్నర మీటర్లు. ముందు భాగంతో పోలిస్తే వెనుక భాగం రెండున్నర సెంటీమీటర్లు కుంగితే దీపాలు సరిగ్గా ఒక శాతం పైకి లేస్తాయి. అంటే కంపెనీ ఇచ్చిన వాలు మొత్తం పోయి, వెలుగు నేలకు సమాంతరంగా సాగుతుంది. రెండున్నర సెంటీమీటర్లంటే రెండు వేళ్ల మందం కూడా ఉండదు. డిక్కీలో సామాను, వెనుక సీట్లో ముగ్గురు మనుషులు, వెనుక టైర్లలో తక్కువ గాలి కలిస్తే అంత కుంగడం విశేషమేమీ కాదు. ఖాళీ కారును, గాలి ఎంతుందో చూడకుండా, నీళ్లు పోయేందుకు వాలుగా వేసిన నేల మీద నిలబెట్టి, ఎంత ఖరీదైన పెట్టెతో కొలిచినా వచ్చే ఫలితం ఆ నేలకు, ఆ ఖాళీ కారుకు మాత్రమే వర్తిస్తుంది.

నాకు జరిగింది ఇదే. నిరుడు కార్తీకంలో ముందు బంపర్‌కు దెబ్బ తగిలితే ఒక సర్వీస్ సెంటర్‌లో టింకరింగ్ చేయించి, ఫోకస్ కూడా పెట్టించాను. కారును నా చేతికి ఇచ్చేటప్పుడు "మెషీన్ మీద సెట్ చేశాం సార్" అన్నారు. అబద్ధం కూడా కాకపోవచ్చు. సంక్రాంతికి నలుగురం ఎక్కి, డిక్కీ నిండా సామాను వేసుకుని హైదరాబాద్ నుంచి బయలుదేరాం. 65వ నంబరు జాతీయ రహదారి మీద మధ్యలో డివైడర్ ఉన్నందువల్ల కోదాడ దాకా ఏమీ తెలియలేదు. అక్కడ దిగి డివైడర్ లేని రోడ్డు ఎక్కాక, ఎదురుగా వచ్చే ప్రతి లారీ డిప్పర్ కొట్టడం మొదలుపెట్టింది. నేను హై బీమ్‌లో ఉన్నానేమోనని మీట మూడుసార్లు చూసుకున్నాను. ముందు వెళ్తున్న ఆటో వెనుక అద్దంలో నా వెలుగు గీత, ఉండవలసిన చోటికి చాలా పైన, డ్రైవరు తల దగ్గర నిలిచి కనిపించింది. డాష్‌బోర్డు మీద దీపాల ఎత్తు తగ్గించే చక్రం ఒకటి ఉందని అప్పుడు గుర్తుకొచ్చింది గానీ, దాన్ని ఏ అంకె దగ్గర ఉంచాలో తెలియక, రెండు మీద పెట్టి, దేవుడి మీద భారం వేశాను.

తిరిగి వచ్చాక మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గోడ పద్ధతి మొదలుపెట్టాను. ఇందులో అందరూ దాటేసే మెట్టు నేలను చూసుకోవడం. నేల వాలుగా ఉన్నా ఫరవాలేదు, కానీ ఆ వాలు కారు కింద నుంచి గోడ మొదలు దాకా ఒకే తీరుగా ఉండాలి. కారుకూ గోడకూ మధ్య వాలు మారితేనే లెక్క తప్పుతుంది. పై అంతస్తులో పని చేస్తున్న తాపీమేస్త్రిని అడిగి, ఆయన మట్టం చూసే నీళ్ల పైపు ఒక గంట అరువు తెచ్చుకున్నాను. ముందు చక్రం, వెనుక చక్రం, గోడ మొదలు, ఈ మూడు చోట్లా నీటి మట్టం నుంచి నేల ఎంత కిందికి ఉందో కొలిస్తే, మొదట ఎంచుకున్న చోట గోడ దగ్గరి నేల 3 సెంటీమీటర్లు అదనంగా దిగి ఉందని తేలింది. 5 మీటర్ల దూరానికి అది 0.6 శాతం. కంటికి ఆ నేల అద్దంలా కనిపించింది. మరో స్తంభం దగ్గర, తేడా అర సెంటీమీటరు లోపే ఉన్న చోటు దొరికింది.

నేల దొరికాక మిగిలిన పని తేలిక. టైర్లలో గాలి కొట్టించి, ఎత్తు తగ్గించే చక్రాన్ని సున్న దగ్గర పెట్టి, డ్రైవరు సీట్లో మనిషి బరువు కోసం 25 కిలోల బియ్యం బస్తాలు మూడు ఉంచాను (మా ఇంట్లో ఆ సమయానికి ఖాళీగా ఉన్నది బియ్యమే). కారును గోడకు ఆనుకునేంత దగ్గరగా తెచ్చి, రెండు దీపాల మధ్య బిందువులను సుద్దముక్కతో గోడ మీద గుర్తించి, తిన్నగా 5 మీటర్లు వెనక్కి తీసుకువెళ్లాను. స్ప్రింగులు సర్దుకునేందుకు ముందూ వెనుకా రెండుసార్లు నొక్కి వదలాలి. నా దీపాల మీద ఉన్నది 1.0 కాబట్టి, గుర్తులకు 5 సెంటీమీటర్ల కింద మాస్కింగ్ టేప్ అంటించి, ఒక దీపానికి అట్టముక్క అడ్డం పట్టించి రెండోదాన్ని చూశాను. హాలోజన్ దీపం వేడికి ముందున్న ప్లాస్టిక్ పాడవుతుంది కనుక గుడ్డ కప్పి వదిలేయకూడదు. మర తిప్పబోయే ముందు దాని తల మీద పెన్నుతో గీత గీసుకుని, ఎన్ని అర చుట్లు తిప్పామో లెక్క పెట్టుకుంటే, తప్పయినా మొదటికి రావచ్చు. అడ్డంగా కదిలించే మరను, దెబ్బ తగిలిన బండి అయితే తప్ప, ముట్టుకోకపోవడం మంచిది.

హాలోజన్ దీపపు అంచు కత్తితో కోసినట్టు ఉండదు. రెండు సెంటీమీటర్ల మసక ఎలాగూ ఉంటుంది. 5 మీటర్ల దగ్గర ఒక సెంటీమీటరు పొరపాటు 0.2 శాతానికి సమానం. స్థలముంటే 10 మీటర్లకు వెళ్లి ఈ పొరపాటును సగానికి తగ్గించవచ్చు గానీ, నగరంలో అంత ఖాళీ ఎవరి సెల్లార్‌లో ఉంది? యంత్రం ఇంతకంటే సూక్ష్మంగా చూపిస్తుందని ఒప్పుకుంటూనే, ఆ సూక్ష్మతను మించిన తేడాను వాలు మారే నేల ఒక్కటే తేగలదని గుర్తుచేస్తున్నాను.

నన్ను గోడ వైపు పూర్తిగా మొగ్గేలా చేసింది ఆ తరవాతి అరగంట. ఇంట్లో వాళ్లందరినీ కిందికి పిలిచి, పండక్కి ఎక్కినట్టే కారెక్కించి, డిక్కీలో బియ్యం బస్తాలూ పెట్టెలూ వేసి మళ్లీ చూశాను. టేపు మీద ఉన్న గీత 6 సెంటీమీటర్లు పైకి లేచి, దీపం మధ్య గుర్తును కూడా దాటింది. కోదాడ దగ్గర లారీల వాళ్లు చెప్పింది ఇదే. అప్పుడు డాష్‌బోర్డు మీది చక్రాన్ని తిప్పుతూ పోతే, రెండు దగ్గర గీత ఇంకా రెండు సెంటీమీటర్లు పైనే ఉంది, మూడు దగ్గర టేపు మీదకు వచ్చింది. నలుగురూ సామానూ ఉంటే మూడు, వెనుక ఇద్దరే ఉంటే ఒకటి అని ఒక చీటీ రాసి సన్‌వైజర్ వెనుక పెట్టుకున్నాను. ఈ రెండు అంకెలను ఏ సర్వీస్ సెంటర్ యంత్రమూ నాకు ఇచ్చేది కాదు. యంత్రానికి చేతకాక కాదు, సర్వీస్ కోసం వదిలిన కారులోకి నా కుటుంబాన్ని ఎవరూ ఎక్కించరు కనుక.

"చట్టం ఏమంటుంది, దాని ప్రకారం ఉంటే చాలదా" అని కూడా కొందరు అడిగారు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 106వ నియమం, దీపానికి 8 మీటర్ల ముందు, బండి కుడి అంచుకు అర మీటరు పక్కన, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున కన్ను ఉన్న మనిషికి వెలుగు మిరుమిట్లు గొలపకూడదని చెబుతుంది. 65 సెంటీమీటర్ల ఎత్తున్న దీపం నుంచి ఆ కంటికి గీత గీస్తే అది పైకి 10 శాతానికి మించిన వాలు. అంటే గీత సమాంతరంగా సాగి నలుగురి కళ్లలో పడే దీపం కూడా ఆ లెక్కకు లోబడే ఉండవచ్చు. ఆ నియమం తప్పించుకోవలసిన కనీస హద్దును చెబుతుందే తప్ప, ఫోకస్ ఎక్కడ పెట్టాలో చెప్పదు.

మిగిలిన దారుల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. రోడ్డు పక్క ఆటో ఎలక్ట్రీషియన్ ఎదుటి దుకాణం షట్టరు మీద వెలుగు వేసి కంటితో పెట్టే ఫోకస్, అర్ధరాత్రి బల్బు మార్చుకుని ఇల్లు చేరడానికి పనికొస్తుంది. ఫోకస్ చూసిపెడతామనే ఫోను ఆప్‌లు చేసేది ఆ కంటి పనినే. హాలోజన్ గూట్లో బయట కొన్న ఎల్ఈడీ బల్బు వేసుకున్నవారికి మాత్రం గోడా, యంత్రమూ రెండూ దండగ: వెలుగు పుట్టవలసిన చోట పుట్టకపోతే స్పష్టమైన అంచు ఏర్పడదు, లేని అంచును ఏ గీత మీద పెడతాం?

యంత్రమే కావలసిన సందర్భాలు లేకపోలేదు. దీపం బ్రాకెట్ విరిగి అతికించిన బండ్లు, పక్కకు కూడా తిరిగిపోయిన దీపాలు, బరువును బట్టి తమంతట తామే ఎత్తు మార్చుకునే ఎల్ఈడీ దీపాలు ఈ కోవలోకి వస్తాయి. చివరి రకంలో సెన్సర్‌ను స్కానర్‌తో (కారులోని కంప్యూటర్‌కు తగిలించే పరికరంతో) మొదటి స్థితికి తేకుండా మరలు తిప్పితే, ఆ దీపం తన లెక్క ప్రకారం తాను మళ్లీ కదులుతుంది. వాటికి సర్వీస్ సెంటరే గతి. అయినా వెళ్లేటప్పుడు ముందుగా టైర్ల గాలి చూసుకోండి, దీపం మీది శాతం ఎంతో రాసుకెళ్లండి, పెట్టించేటప్పుడు డ్రైవరు సీట్లో మీరే కూర్చోండి. మామూలు హాలోజన్ దీపాలున్న కారుకు, మట్టం సరిగ్గా ఉన్న పది అడుగుల వెడల్పు చోటు దొరికితే, నేను గోడనే చెబుతాను.

నా సుద్ద గుర్తులు ఇంకా ఆ స్తంభం పక్క గోడ మీదే ఉన్నాయి. పోయిన ఆదివారం ఎదురింటాయన తన ఎస్‌యూవీని అక్కడ నిలిపి, నా టేపు మీదకు తన వెలుగును దించుతూ కనిపించారు. ఆయన దీపాలు 90 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నాయి, వాటి మీది అంకె 1.3. అప్పటికే మర నాలుగు చుట్లు తిప్పేశారు. ఎన్ని తిప్పారో లెక్క పెట్టుకోలేదట. మళ్లీ గోడ దగ్గరకు కారు తెచ్చి, ఆయన దీపాలకు వేరే రంగు సుద్దతో గుర్తులు పెట్టాం.