వేప్‌కు బదులు 2 మి.గ్రా. నికోటిన్ గమ్: తిరుపతిలో ఎంతవరకు పనికొస్తుంది?

పొగ మానడానికని నికోటిన్ గమ్ కొని, రెండు రోజులు నమిలి, "డబ్బు దండగ, ఏం పని చెయ్యలా" అని పక్కన పడేసినవాళ్ళు ఊరి నిండా ఉన్నారు. ఎలా నమిలారని అడిగితే విషయం బయటపడుతుంది. బబుల్‌గమ్ నమిలినట్టు గబగబా నమిలి, ఊరిన నీళ్ళు ఊరినట్టు మింగేసి ఉంటారు. అలా నమిలితే ఏ కంపెనీ గమ్మయినా వెక్కిళ్ళు, గుండెల్లో మంట తప్ప ఇంకేమీ ఇవ్వదు. వస్తువు మంచిదే. దాన్ని వాడే పద్ధతి మాత్రం అంగట్లో ఎవరూ చెప్పరు. ముఖ్యంగా జేబులో వేప్ పెన్ను (ఎలక్ట్రానిక్ సిగరెట్) పెట్టుకుని లాడ్జి గదిలో, సినిమా హాల్లో, ఏసీ హోటల్లో "ఇక్కడ ఒక దమ్ము లాగితే ఎవరైనా చూస్తారా" అని దిక్కులు చూసేవాళ్ళ కోసం ఈ సమీక్ష.

ముందు ఆ దిక్కులు చూడటం సంగతి తేల్చేద్దాం. వేప్ అమ్మకం చెల్లే దేశాల్లో నాలుగు గోడల మధ్య లాగాలంటే పక్కవాళ్ళని అడగాలా, ఆవిరి ఎటువైపు వదలాలి అని మర్యాదల గురించి మాట్లాడుకుంటారు. మన దగ్గర ఆ చర్చకి చోటే లేదు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుగా వచ్చి, అదే ఏడాది డిసెంబరులో చట్టమైన ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధం తయారీని, దిగుమతిని, రవాణాని, అమ్మకాన్ని, ప్రకటనల్ని అన్నిటినీ నేరం చేసింది. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే మూడేళ్ళ వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. సరుకు నిల్వ పెట్టినా ఆరు నెలల వరకు జైలు, లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. లాగినవాడికి ఇంత శిక్ష అని చట్టంలో విడిగా రాయలేదు గానీ, కొనాలంటే అమ్మేవాడు ఉండాలి కదా, ఆ అమ్మడమే నేరం. అందువల్ల ఆ పెన్నులో ఏం పోశారో, ఎంత పోశారో అడిగే దిక్కు లేదు.

హోటలువాళ్ళకి ఇంకో అనుమానం ఉంటుంది, పొగతాగే గది ఉంటే వేప్ కూడా చెల్లుతుందా అని. 30 లేదా అంతకంటే ఎక్కువ గదులున్న హోటలు, 30 మంది లేదా అంతకంటే ఎక్కువమంది కూర్చునే రెస్టారెంటు పొగతాగేవాళ్ళకి విడిగా ఒక గది పెట్టుకోవచ్చని 2008 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చిన నియమాల్లో ఉంది. ఆ గది తలుపు దానంతటదే మూసుకోవాలి, లోపలి గాలి నేరుగా బయటికి పోవాలి, గది ప్రవేశద్వారం దగ్గర ఉండకూడదు. ఆ గది ఉంది కదా అని వేప్ అమ్మకం చెల్లుబాటు కాదు. మిగతా చోట్ల 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు బోర్డు ప్రతి ద్వారం దగ్గరా, ప్రతి అంతస్తులోనూ పెట్టాలి. ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో కూడా రాసి ఉండాలి. పొగతాగితే 200 రూపాయల వరకు జరిమానా. బోర్డు పెట్టి చేతులు దులుపుకున్న యజమాని, ఫిర్యాదు వచ్చినా పట్టించుకోకపోతే ఆ తప్పుల లెక్కనే తనూ కట్టాలి.

"ఆవిరే కదా" అనే మాట కూడా నిలవదు. పెన్నులోంచి వచ్చేది నీటి ఆవిరి కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, సువాసన రసాయనాలు కలిసిన సన్నటి తుంపర. లాడ్జి సీలింగుకి ఉండే కాంతితో పనిచేసే స్మోక్ డిటెక్టరుకి పొగా, ఈ తుంపరా రెండూ ఒకటే. లోపలి వెలుతురు చెదిరితే చాలు, మోగుతుంది. పైగా గదిలో ఉండే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, ఉన్న గాలినే తిప్పి తిప్పి వదులుతుంది. గ్లిజరిన్ పొర అద్దం మీదా, ఏసీ జాలీ మీదా పేరుకుంటుంది. తరువాత ఆ గదిలో దిగేది చంటిపిల్లలతో దర్శనానికి వచ్చిన కుటుంబం. రైల్లో అయితే 2023 ఆగస్టులో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. తిరుపతి నుంచి సికింద్రాబాద్ వెళ్ళే వందే భారత్ టాయిలెట్లో ఒక ప్రయాణికుడు సిగరెట్ వెలిగిస్తే అలారం మోగింది, మంటలార్పే పరికరం దానంతటదే పొడి చిమ్మింది, రైలు మనుబోలులో ఆగిపోయింది.

ఇక గమ్ సంగతి. పెట్టె మీద 'నికోటిన్ పోలాక్రిలెక్స్' అని, మాత్రకి 2 మి.గ్రా. అని రాసి ఉందో లేదో చూసుకోండి. తిరుపతి మెడికల్ షాపుల్లో సిప్లా వాళ్ళ నికోటెక్స్ లాంటివి దొరుకుతాయి. 2 మి.గ్రా. వాటికి డాక్టరు చీటీ అక్కర్లేదు, 4 మి.గ్రా. వాటికి కావాలి. పాన్ షాపుల్లో రంగుల డబ్బాల్లో అమ్మే నికోటిన్ పౌచ్‌లు వేరు, అవీ ఇదీ ఒకటే అనుకోకండి.

పోలాక్రిలెక్స్ అంటే నికోటిన్‌ని పట్టి ఉంచే ఒక రెసిన్. నమిలినప్పుడు మాత్రమే కొద్దికొద్దిగా వదులుతుంది. వదిలిన నికోటిన్ బుగ్గ లోపలి పొర గుండా రక్తంలోకి వెళ్ళాలి. మింగేస్తే కడుపులోని ఆమ్లంలో సరిగా ఇంకదు, ఇంకిన దాంట్లో ఎక్కువ భాగాన్ని కాలేయం ముందే విరిచేస్తుంది. గబగబా నమిలితే పని చెయ్యకపోవడానికి ఇదే కారణం. సరిగ్గా వాడినా 2 మి.గ్రా. గమ్ నుంచి ఒంటికి అందేది సుమారు 1 మి.గ్రా. మాత్రమే.

పద్ధతి ఇది. మెల్లగా నమలండి, పది పదిహేను సార్లు. మిరియపు గింజ కొరికినట్టు నోట్లో ఘాటు, నాలుక మీద చిమచిమ తెలియగానే ఆపేయండి. వక్కపలుకు బుగ్గన పెట్టుకున్నట్టు గమ్‌ని బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టండి. నిమిషం పాటు దాన్ని కదపకండి. చిమచిమ తగ్గాక మళ్ళీ నాలుగు సార్లు నమిలి, ఈసారి రెండో బుగ్గన పెట్టండి. ఇలా అరగంట. ఆ తర్వాత నమిలినా ఘాటు రాదు, అంటే అందులో రావాల్సింది వచ్చేసింది. తాంబూలం అలవాటున్న పెద్దవాళ్ళకి ఈ పద్ధతి ఒక్కసారి చెబితే చాలు, కుర్రవాళ్ళకే వారం పడుతుంది.

ఇంకో పెద్ద తప్పు నోట్లో పులుపు. బుగ్గ పొర నికోటిన్‌ని తీసుకోవాలంటే నోరు కొంచెం క్షారంగా ఉండాలి. అందుకే గమ్‌లో సోడా జాతి లవణాలు కలుపుతారు. కాఫీ, కూల్‌డ్రింకు, నిమ్మసోడా, పండ్లరసం తాగి వెంటనే గమ్ వేసుకుంటే ఆ లవణాల పని దెబ్బతింటుంది. 15 నిమిషాలు ఆగాలి, నమిలేటప్పుడు కూడా ఇవేవీ తాగకూడదు. మన ఊళ్ళో ఇది చిన్న షరతు కాదు. పొద్దున్నే ఇడ్లీ తిని ఫిల్టర్ కాఫీ తాగగానే దమ్ముకి ప్రాణం లాగుతుంది. గమ్ పనిచెయ్యనిది కూడా సరిగ్గా ఆ ఘడియలోనే. చింతపండు పులిహోర తిన్న వెంటనే వేసుకున్నా అదే తంతు. టిఫిన్‌కి ముందే, నోరు నీళ్ళతో పుక్కిలించి, ఒక గమ్ అరగంట వాడి, ఆ తర్వాత టిఫిన్, కాఫీ కానివ్వండి. ఈ ఒక్క మార్పుతో "పని చెయ్యలా" అన్నవాళ్ళలో సగం మంది మాట మారుతుందని మా నమ్మకం.

సిగరెట్ మానినవాళ్ళకి కాఫీతో ఇంకో చిక్కు ఉంది. సిగరెట్ పొగలోని పదార్థాల వల్ల ఒంట్లో కెఫీన్ తొందరగా ఖర్చవుతుంది. పొగ ఆగగానే అదే రెండు కప్పుల కాఫీ ఎక్కువైపోయి గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. నింద గమ్ మీద పడుతుంది. కాఫీ సగానికి తగ్గించి చూడండి.

ఎంత వాడాలి? నిద్ర లేచిన 30 నిమిషాల లోపే మొదటి దమ్ము కావాల్సినవాళ్ళకి 2 మి.గ్రా. చాలదు, డాక్టరుని అడిగి 4 మి.గ్రా. తీసుకోవాలి. వేప్‌వాళ్ళకి ఈ కొలతే నయం, ఎందుకంటే సిగరెట్లలా రోజుకి ఇన్ని అని లెక్క చెప్పలేరు. పెన్నులో పోసే ద్రవం మిల్లీలీటరుకి 50 మి.గ్రా. గాఢత ఉన్న రకమైతే, 2 మి.లీ. పాడ్‌లో (పెన్నుకి తగిలించే ద్రవం గొట్టంలో) 100 మి.గ్రా. నికోటిన్ ఉన్నట్టు. అది రెండు రోజుల్లో ఖాళీ చేసేవాళ్ళు 2 మి.గ్రా. గమ్ రోజుకి మూడు నమిలి ఫలితం లేదంటే గమ్‌ది తప్పు కాదు.

మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, రోజుకి కనీసం 9. ఏడు నుంచి తొమ్మిదో వారం దాకా రెండు నుంచి నాలుగు గంటలకి ఒకటి. పది నుంచి పన్నెండో వారం దాకా నాలుగు నుంచి ఎనిమిది గంటలకి ఒకటి. ఎంత లాగినా రోజుకి 24 దాటకూడదు. మొదటి ఆరు వారాలకే 378 గమ్ములు కావాలి. పది గమ్ముల స్ట్రిప్ ఒకటి కొని అదయ్యాక చూద్దాం అనుకున్నవాళ్ళే నాలుగో రోజు పాత పెన్ను వెతుక్కుంటారు. ధర పోల్చేటప్పుడు పెట్టె ధర చూడకండి, ఎమ్మార్పీని గమ్ముల సంఖ్యతో భాగించండి.

దమ్ము లాగితే నికోటిన్ సెకన్లలో మెదడుకి చేరుతుంది. గమ్‌తో రక్తంలో గరిష్ఠానికి రావడానికి దాదాపు అరగంట పడుతుంది. ప్రాణం లాగాక వేసుకుంటే ఆ అరగంటా నరకమే. సినిమా మొదలవడానికి 20 నిమిషాల ముందు, రైలెక్కే ముందు, మీటింగులోకి వెళ్ళే ముందు వేసుకోవాలి. ఈ వస్తువుకి నిజమైన లోపం ఏదైనా ఉందంటే ఈ నిదానమే. చేతికీ పెదవికీ ఉన్న అలవాటుని కూడా ఇది తీర్చదు. దానికి ఇంకేదో పని చేతికి చూపించుకోవాలి.

కొండకి వెళ్ళేవాళ్ళు దీన్ని ఇంకొంచెం ఆలోచించి వాడాలి. తిరుమల మీద పొగాకు ఉత్పత్తులు నిషేధం, అలిపిరి తనిఖీలో బ్యాగులు తెరిచి చూస్తారు. గమ్‌ని విడిగా జేబులో వేసుకోకుండా, పేరు కనిపించేలా అసలు స్ట్రిప్‌లోనే, మిగతా మందులతో కలిపి పెట్టుకోండి. 4 మి.గ్రా. అయితే చీటీ కూడా దగ్గరుంచుకోండి. ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపు తిప్పే స్వభావం ఉన్నవాళ్ళు బస్సులో వేసుకోకండి, నికోటిన్ కూడా వికారం పుట్టించేదే. బస్సెక్కడానికి అరగంట ముందే ముగించండి. అలిపిరి మెట్లెక్కేవాళ్ళు 3,550 మెట్లూ నములుతూ ఎక్కొద్దు. ఆయాసంలో నోటితో గాలి పీలుస్తూ గమ్ గొంతులోకి జారే ప్రమాదం ఉంది. నిలబడి సేదతీరే చోట వేసుకోండి.

వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గంటలకొద్దీ కూర్చోవాల్సి వచ్చినప్పుడు గమ్ విలువ తెలుస్తుంది. కంపార్ట్‌మెంటులో ఉన్నప్పుడు వాడుకోండి. అక్కడ పాలు, కాఫీ ఏం తాగినా 15 నిమిషాల లెక్క గుర్తుంచుకోండి. లైను కదిలి ఆలయం వైపు సాగిందంటే గమ్ తీసి పారేసి, నోరు పుక్కిలించుకోవాలి. స్వామి ముందు ఎంగిలి నోటితో నిలబడటం మన పద్ధతి కాదు. ఏ గుడికైనా ఇంతే.

పారేయడం గురించి గట్టిగా చెప్పాలి. అరగంట నమిలిన గమ్‌లో కూడా ఇంకా నికోటిన్ మిగిలి ఉంటుంది. బెంచీ కింద, బస్సు సీటు వెనక, లాడ్జి మంచం అంచున అంటించి పోతే దాన్ని గీకేది ఒక పనిమనిషి, నోట్లో పెట్టుకునేది ఒక చంటిబిడ్డ. పసిపిల్లలకి నికోటిన్ విషం. స్ట్రిప్ కొన్నప్పుడే నాలుగు కాగితం ముక్కలు జేబులో పెట్టుకోండి, చుట్టి చెత్తబుట్టలో వేయండి. కొత్త గమ్ స్ట్రిప్ కూడా పిల్లలకి అందని ఎత్తులో ఉండాలి. చూడ్డానికి చాక్లెట్‌లాగే ఉంటుంది కదా.

మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద స్ట్రిప్ వదిలేస్తే గమ్ మెత్తబడి రేకుకి అతుక్కుపోతుంది, ఒలిస్తే ముక్కలవుతుంది. చొక్కా జేబు కూడా మంచి చోటు కాదు. ఇంట్లో చల్లటి, ఎండ పడని చోట ఉంచి, ఆ రోజుకి కావలసినన్నే వెంట తీసుకెళ్ళండి.

వెక్కిళ్ళు, గొంతు మంట, త్రేన్పులు వస్తే నమిలే వేగం తగ్గించండి, అవే తగ్గుతాయి. దవడ నొప్పి పెడితే రెండు బుగ్గలూ మార్చి వాడండి. కట్టుడు పళ్ళున్నవాళ్ళకి గమ్ అతుక్కుని ఇబ్బంది పెడుతుంది, వాళ్ళకి చప్పరించే లాజెంజ్ నయం. చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్ కూడా ఉంది గానీ, మన ఎండకి చెమట పట్టి ఊడిపోతుంటుంది. పైగా హఠాత్తుగా లాగినప్పుడు దాంతో ఏమీ చెయ్యలేం. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు, గుండె లయ తప్పేవాళ్ళు, ఛాతీ నొప్పి ముదురుతున్నవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరుని అడగకుండా మొదలుపెట్టొద్దు. గమ్ వాడుతూ మధ్యమధ్య వేప్ కూడా లాగితే వికారం, తలనొప్పి, చెమటలు రావచ్చు. అది నికోటిన్ ఎక్కువైన లక్షణం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే ఈ రకం నికోటిన్ మందుల్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. అంటే ఇది చిట్కా కాదు, వైద్యం. కాకపోతే ఒంటరిగా మొదలుపెడితే మధ్యలోనే ఆపేసేవాళ్ళు ఉంటారు. సిగరెట్ పెట్టె మీద అచ్చయి ఉండే 1800-11-2356 నంబరు పొగాకు మానేవాళ్ళకి ప్రభుత్వం నడిపే ఉచిత సలహా లైను. గమ్ మొదలుపెట్టిన రోజే ఆ నంబరుకి ఫోన్ చేసి, రోజుకి ఎన్ని వాడుతున్నారో, ఏ వేళకి ఎక్కువ లాగుతుందో చెప్పండి.