చలికాలం గోల్ఫ్‌కి అలబామా: ఏళ్ల తరబడి వెళ్తున్న మా బ్యాచ్ అనుభవం

షికాగో చుట్టుపక్కల ఉండేవాళ్లు నవంబర్లో గోల్ఫ్ సంచి గరాజ్‌లో పెడితే మళ్లీ ఏప్రిల్‌లోనే తీసేది. ఫ్లోరిడా, అరిజోనాల్లో చలికాలమే అసలు సీజన్, రేట్లు మండిపోతుంటాయి. అందుకే మా బ్యాచ్ చాలా ఏళ్ల కిందట అలబామా పట్టుకుంది, ఇంకా వదల్లేదు. రాబర్ట్ ట్రెంట్ జోన్స్ గోల్ఫ్ ట్రయిల్ అని రాష్ట్రమంతా 11 చోట్ల ఉన్న కోర్సులు. దాదాపు అన్నీ పబ్లిక్కే. సభ్యత్వం అక్కర్లేదు, ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. టీ టైమ్ (ఆట మొదలుపెట్టే వేళ) బుక్ చేసుకుని డబ్బు కట్టి ఆడటమే.

వీటిని కట్టించింది ఎవరో తెలిస్తే ఆశ్చర్యపోతారు. అలబామా టీచర్ల, ప్రభుత్వోద్యోగుల పింఛను నిధి! ఆ నిధిని నడిపిన డేవిడ్ బ్రానర్ ఆలోచన అది. 1992 నుంచి ఒక్కొక్కటే తెరుచుకుంటూ వచ్చాయి. మన పీఎఫ్ డబ్బుతో గోల్ఫ్ కోర్సులు కడతామంటే ఊళ్లో ధర్నాలు జరిగేవని మావాడొకడు వెళ్లినప్పుడల్లా అంటాడు. కానీ ఆ లెక్క వల్లే మనలాంటి వాళ్లకి ఈ స్థాయి కోర్సులు అందుబాటులోకి వచ్చాయి. ఈ ట్రయిల్‌లోదే ఓపెలైకా ఊళ్లోని గ్రాండ్ నేషనల్, 2015 నుంచి 2017 దాకా మగ ప్రొఫెషనల్స్ ఆడే పీజీఏ టూర్ పోటీ జరిగింది అక్కడే.

మేం అట్లాంటాలో దిగి కారు అద్దెకు తీసుకుంటాం. విమానాశ్రయం ఊరికి దక్షిణాన ఉంది కాబట్టి అట్లాంటా ట్రాఫిక్‌లో చిక్కుకోకుండా నేరుగా ఐ-85 ఎక్కేయొచ్చు. వందమైళ్లు నిండకుండానే ఓపెలైకా వస్తుంది. ఆల్ఫరెట్టా, కమింగ్ వైపు బంధువులున్నవాళ్లు ముందురోజు అక్కడ దిగి పులిహోర, గోంగూర పచ్చడి కట్టించుకుని బయల్దేరడం మంచిది. శాకాహారులకైతే ఇది తప్పనిసరి, దారిలో దొరికేది ఎక్కువగా హ్యాష్ బ్రౌన్లూ (బంగాళాదుంప వేపుడు), గ్రిట్సే (మొక్కజొన్న జావ). మాంసాహారులకి ఇంకో సంగతి: దారిలో వెస్ట్ పాయింట్‌లో కియా ఫ్యాక్టరీ, మాంట్‌గామరీలో హ్యుందాయ్ ఫ్యాక్టరీ ఉన్నందువల్ల ఈ మార్గంలో కొరియన్ హోటళ్లకి కొదవ లేదు. చలిలో 18 హోల్స్, అంటే ఒక పూర్తి రౌండ్, ఆడి వచ్చాక ఆ కారం పులుసులు తాగితే ప్రాణం లేచొస్తుంది.

జార్జియా దాటి అలబామాలోకి రాగానే గడియారం గంట వెనక్కి వెళ్తుంది. అక్కడితో అయిపోలేదు. సరిహద్దు మీదున్న కొన్ని ఊళ్లు అలబామావే అయినా జార్జియా టైమే వాడుకుంటాయి, ఫోన్ ఎటు చూపిస్తుందో చెప్పలేం. టీ టైమ్‌లన్నీ సెంట్రల్ టైమ్‌లోనే ఉంటాయని గుర్తుంచుకుంటే చాలు. వెళ్లేటప్పుడు గంట కలిసొస్తుంది, తిరుగు విమానం రోజున ఆ గంట పోతుంది.

ఇక అసలు విషయం. చలికాలం ట్రిప్ బాగా జరగడానికి కోర్సు ఎంపిక కంటే ముఖ్యమైనవి రెండున్నాయి: పగటి వెలుతురు, నేల తడి. డిసెంబర్ చివర్లో అక్కడ పొద్దు ఆరున్నర దాటాక పొడుస్తుంది, సాయంత్రం ఐదు కాకుండానే కుంకుతుంది. తెల్లవారుజామున మంచు పట్టిందంటే కోర్సు తెరవరు. మంచు పట్టిన గడ్డి మీద నడిస్తే కణాలు చిట్లి, అడుగుజాడలు తర్వాత గోధుమరంగులో తేలతాయి మరి. ఒక్కోసారి రెండు గంటలు క్లబ్‌హౌస్‌లో కాఫీ తాగుతూ కూర్చోవాలి. అందుకని ఎనిమిది గంటల టీ టైమ్ దొరికిందని మురిసిపోకండి. పదింటికి తీసుకోండి, నిద్రా పడుతుంది, వేళ్లూ పనిచేస్తాయి. రోజుకు 36 హోల్స్ అన్న ప్రణాళిక డిసెంబర్, జనవరిల్లో కాగితం మీదే బాగుంటుంది.

తడి సంగతి చాలామందికి తట్టదు. జనవరిలో మాంట్‌గామరీ పగటి ఉష్ణోగ్రత సగటున 57, 58 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 14 సెల్సియస్. షికాగో నుంచి వచ్చినవాడికి అది వసంతమే. కానీ చలికాలంలో అక్కడ వానలు బాగానే పడతాయి, నేల ఆరదు. వాన పడిన మర్నాడు కార్ట్‌ని (కోర్సులో తిరిగే చిన్న బండిని) దారి దిగనివ్వరు. అలాంటి రోజున కార్ట్ నుంచి బంతి దాకా మూడు నాలుగు క్లబ్బులు (గోల్ఫ్ కర్రలు) మోసుకుంటూ పోవాలి. బంతికి బురద అంటుకుంటుంది. తుడుచుకుని ఆడొచ్చన్న నిబంధన ఆ రోజు పెట్టారో లేదో మొదటి టీ (హోల్‌లో తొలి దెబ్బ కొట్టే చోటు) దగ్గరే అడగండి, మధ్యలో తగాదాలు పడక్కర్లేదు.

గడ్డి పచ్చగా ఉంటుందనుకుని వెళ్తే నిరాశే. బర్ముడా గడ్డి చలికి నిద్రపోయి ఎండుగడ్డి రంగుకి తిరుగుతుంది. కొన్ని కోర్సులు పైన రై గడ్డి చల్లి పచ్చదనం తెస్తాయి, కొన్ని చల్లవు. ఫొటోల కోసం వెళ్లేవాళ్లకి ఇది నచ్చదు. నాకు నచ్చుతుంది. పొడిగా ఉన్న రోజున ఆ గోధుమరంగు ఫెయిర్‌వే (టీ నుంచి గ్రీన్ దాకా కత్తిరించిన గడ్డి దారి) మీద బంతి దొర్లుతూనే ఉంటుంది. చలిగాలి చిక్కగా ఉండి బంతి తక్కువ దూరం పోతుంది, పది ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గితే సుమారు రెండు గజాలు. ఆ దొర్లడంతో కొంత సరిపోతుంది. గ్రీన్ (బంతి వేయాల్సిన గుంట ఉండే నున్నటి గడ్డి) చుట్టూ మాత్రం గడ్డి పలచబడి నేలకు అతుక్కుని ఉంటుంది. బంతిని పైకి లేపే 60 డిగ్రీల వెడ్జ్ తీసి హీరోయిజం చూపించేవాళ్ల బంతులు గ్రీన్ దాటి అవతల పడుతుంటాయి. పట్టర్‌తోనో, ఎనిమిదో నంబర్ ఐరన్‌తోనో నేలబారుగా పంపడమే మేలు.

ఈ ట్రయిల్‌లో టీలకి వంగపండు, నారింజ, తెలుపు, నీలి ఆకుపచ్చ రంగులు పెట్టారు. వంగపండు రంగు టీ నుంచి పెద్ద కోర్సులన్నీ 7,000 గజాలు దాటినట్టే లెక్క. తెలుపే మనకి ఎక్కువ.

మొదటిసారి వెళ్లేవాళ్లు రాష్ట్రమంతా తిరగాలని చూడకండి. ఒకే చోట 54 హోల్స్ ఉన్నప్పుడు రోజూ మూడు గంటలు కారు నడపడం దేనికి? గ్రాండ్ నేషనల్‌లో లింక్స్, లేక్ అని రెండు పెద్ద కోర్సులు, 18 హోల్స్ పార్-3 కోర్సు (ప్రతి హోల్ మూడు దెబ్బల్లో ముగించాల్సిన చిన్న కోర్సు) ఒకటి. పేరుకి చిన్నదే గానీ సొగాహాచీ చెరువు ఒడ్డున అది ఆడుతుంటే, ఎందుకిలాంటివి ఇంకా కట్టరా అనిపిస్తుంది. దిగిన రోజు మధ్యాహ్నం ఆ చిన్న కోర్సుకే కేటాయించండి, పొద్దుగూకేలోపు అయిపోతుంది.

రెండో మజిలీ కావాలంటే ఐ-85 చివరిదాకా పోయి, మాంట్‌గామరీ దాటాక ప్రాట్‌విల్‌లో క్యాపిటల్ హిల్. అక్కడి జడ్జ్ అనే కోర్సులో మొదటి టీ నుంచి ఫెయిర్‌వే దాదాపు 200 అడుగుల కింద, అవతల అలబామా నది. అక్కడ నిలబడ్డప్పుడు పందెం కాసేవాడి గొంతు కూడా తగ్గుతుంది. నా ఓటు మాత్రం అక్కడే ఉన్న సెనేటర్ కోర్సుకి. చెట్లు పెద్దగా లేవు, మట్టి దిబ్బలూ, వంద పైచిలుకు లోతైన చిన్న బంకర్లూ (ఇసుక గుంటలు). 2007 నుంచి 2016 దాకా ఇక్కడ మహిళా ప్రొఫెషనల్స్ ఆడే ఎల్‌పీజీఏ పోటీలు జరిగాయి. గాలి వీచే చలిరోజున ఆడాల్సిన కోర్సు ఇదే.

వాన ముసురు పట్టి ఆట సాగకపోతే హోటల్ గదిలో పేకాడకండి. మాంట్‌గామరీలో మార్టిన్ లూథర్ కింగ్ పాస్టర్‌గా పనిచేసిన డెక్స్‌టర్ అవెన్యూ చర్చి, 2018లో తెరిచిన లించింగ్ బాధితుల (గుంపులు చంపేసిన నల్లజాతీయుల) స్మారకం ఉన్నాయి. స్మారకం చూసొచ్చిన సాయంత్రం మా కారులో ఎవరూ స్కోర్ల గురించి మాట్లాడలేదు.

ఒకచోట వానకి ఏడో హోల్ దగ్గర ఆపేస్తే డబ్బు తిరిగివ్వలేదు, మళ్లీ వచ్చి ఆడమని చీటీ ఇచ్చారు. షికాగో నుంచి ఆ చీటీ కోసం ఎవడొస్తాడు? బుక్ చేసేటప్పుడే ఈ నియమం అడిగి తెలుసుకోండి. బేసి సంఖ్య ఏడాదుల్లో థాంక్స్‌గివింగ్ వారాంతానికి మాత్రం ఓపెలైకా వైపు వెళ్లకండి. పక్కనే ఆబర్న్‌లో అలబామాతో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటుంది, గదులు దొరకవు, దొరికినా ధర వినలేం. ఎప్పుడైనా పోగలిగితే ఫిబ్రవరి చివరి వారం, మార్చి మొదటి వారం మంచివి. పగలు పొడవు, మంచు తక్కువ, అసలు రద్దీ ఇంకా మొదలవదు. ట్రయిల్ కార్డు కొనుక్కుంటే రాయితీ వస్తుంది, మూడు నాలుగు రౌండ్లు ఆడేవాళ్లు లెక్క వేసుకుని కొనొచ్చు.

చివరగా హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే దెబ్బల రాయితీ) లెక్క కోసం స్కోర్లు నమోదు చేయడం, అంటే పోస్టింగ్. ఇల్లినాయ్‌లో నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా సీజన్ మూసి ఉంటుంది కాబట్టి ఆ స్కోర్లు లెక్కలోకి రావనుకుంటారు. అలబామాలో సీజన్ ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది, అక్కడ ఆడినవి పోస్ట్ చేయాల్సిందే. బురదలో కొట్టిన 104 దాచుకోవాలనుకునేవాళ్ల సంగతి సరే, పొడి రోజున కొట్టిన 83 దాచి వేసవి పందేలకి హ్యాండిక్యాప్ పెంచి ఉంచుకునే పెద్దమనుషులకి ఇది ముందే చెప్పి విమానం ఎక్కించండి.