క్యాంపింగ్‌లో బేకింగ్: గ్యాస్ స్టవ్ మీదా, బొగ్గుల మీదా... ఏది మేలు?

ప్రొపేన్ స్టవ్ మీద డచ్ ఓవెన్ (మూత ఉండే మందపాటి ఇనప గిన్నె) పెట్టి నేను చేసిన మొదటి బ్రెడ్ అడుగున నల్లగా మాడిపోయింది, పైన మాత్రం పచ్చిపిండిలా తెల్లగా ఉండిపోయింది. మంట సిమ్‌లోనే ఉంచాను, టైమ్ చూసుకున్నాను, పిండి కూడా బాగానే పొంగింది. మరి తేడా ఎక్కడొచ్చిందంటే సెగ దగ్గర. ఇంట్లో ఓవెన్‌లో పెడితే నాలుగు వైపుల నుంచీ వేడి తగులుతుంది, స్టవ్ మంట కింద నుంచి మాత్రమే వస్తుంది. ఇనప గిన్నె అడుగు కాలిపోతూ ఉంటుంది, మూత దగ్గర గాలి మాత్రం అంత వేడెక్కదు, పైగా పిండిలోంచి వచ్చే ఆవిరి మూతకి తగిలి నీరై మళ్లీ బ్రెడ్ మీదే పడుతుంది. పైభాగం ఎర్రగా కాలాలంటే అక్కడ 140 డిగ్రీల సెల్సియస్ పైన వేడి తగలాలి. తడిగా ఉన్నంతసేపూ ఆ వేడి దాకా వెళ్లదు.

అందుకే ఏ పద్ధతి గురించి చదివినా నేను ముందు చూసేది ఒకటే, దీనికి పై సెగ ఎక్కణ్నుంచి వస్తుంది అని.

బొగ్గులతో చేసే పద్ధతిలో ఆ ప్రశ్నే రాదు. క్యాంప్ డచ్ ఓవెన్ అంటే మూడు కాళ్లుండే మందపాటి పోత ఇనుము గిన్నె, దాని మూత అంచు పైకి లేచి ఉంటుంది, నిప్పులు జారిపడకుండా. కింద కొన్ని, పైన కొన్ని బ్రికెట్లు, అంటే బొగ్గుపొడిని అచ్చుపోసి చేసిన ఉండలు, అంటించి పెడతాం. లెక్క కూడా తేలికే: గిన్నె వెడల్పు ఎన్ని అంగుళాలో ఆ అంకెకి మూడు కలిపి మూత మీద, మూడు తీసేసి అడుగున. అంటే 12 అంగుళాల గిన్నెకి పైన 15, కింద 9. 10 అంగుళాలదైతే పైన 13, కింద 7. ఇలా పెడితే లోపల సుమారు 175 నుంచి 180 డిగ్రీలు ఉంటుంది, కేకులకీ, చాలా రకాల బ్రెడ్లకీ సరిపోయే వేడి అది. కింద పెట్టేవాటిని అంచు వెంబడి గుండ్రంగా పేర్చాలి, నడిమధ్యలో ఒక్కటి కూడా వద్దు, అక్కడ పెడితే సరిగ్గా అక్కడే మాడుతుంది. పది, పదిహేను నిమిషాలకోసారి గిన్నెని పావు వంతు ఒక వైపుకీ, మూతని పావు వంతు రెండో వైపుకీ తిప్పుతూ ఉంటే ఒకచోటే ఎక్కువ సెగ తగలకుండా ఉంటుంది.

మూత తీసేటప్పుడు మాత్రం జాగ్రత్త. కొక్కెంతో సరిగ్గా మధ్యలో పట్టి, ఏ మాత్రం వంచకుండా నిటారుగా పైకి లేపాలి. కొంచెం ఒరిగినా మెత్తటి బూడిద సన్నగా జారి బ్రెడ్ మీద పడుతుంది, తడి పైపొరకి అంటుకుంటే ఇక ఊదినా పోదు. అందుకే ఊరికే మూత తీసి చూడొద్దు. నేనైతే వాసన వచ్చేదాకా ముట్టుకోను. కమ్మటి వాసన తగిలిందంటే బ్రెడ్ దాదాపు అయిపోయినట్టే, అప్పుడు తీసి చూస్తే చాలు.

ఇబ్బందులూ ఉన్నాయి. బ్రికెట్లు అంటుకుని పైన బూడిద పట్టడానికే ఇరవై నిమిషాలు పడుతుంది. మంచి సెగ ముప్పావు గంట, మహా అయితే గంట ఉంటుంది, అంతకంటే ఎక్కువసేపు కాలాల్సినది ఏదైనా పెడితే అరగంట దాటగానే రెండో విడత బొగ్గులు అంటించుకోవాలి. గాలి వీస్తే తొందరగా కాలిపోతాయి, చలిగా ఉంటే మూడు నాలుగు ఎక్కువ వేసుకోవాలి. ఇక బరువు: 12 అంగుళాల ఇనప గిన్నె ఒక్కటే ఎనిమిది, తొమ్మిది కిలోలు ఉంటుంది, బొగ్గుల సంచి దానికి అదనం. అల్యూమినియంది దాదాపు మూడో వంతు బరువే కానీ ఇనుములా వేడిని పట్టి ఉంచదు. అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఏంటంటే ఎండాకాలం అడవులు ఎండిపోయినప్పుడు చాలా చోట్ల నిప్పుల మీద నిషేధం పెడతారు, బొగ్గులు కూడా అందులోకే వస్తాయి. అలాంటప్పుడు కూడా నాబ్ తిప్పితే ఆరిపోయే గ్యాస్ స్టవ్‌ని తరచుగా అనుమతిస్తారు. వెళ్లే ముందు అక్కడి రూల్స్ కనుక్కోండి.

స్టవ్ సుఖం స్టవ్‌దే. వెలిగించడం ఒక్క క్షణం, మంట మన చేతిలో ఉంటుంది, బూడిద గొడవ లేదు. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది కాబట్టి చలిలో కూడా పనిచేస్తుంది. బ్యూటేన్ అయితే సున్నా దగ్గరికి వచ్చేసరికి మొరాయిస్తుంది, చలి ప్రాంతంలో బ్యూటేన్ స్టవ్ మీద బేకింగ్ పెట్టుకోకండి. గంటకి 10,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) బర్నర్‌ని పూర్తి మంట మీద పెడితే 465 గ్రాముల చిన్న సిలిండర్ రెండు గంటలు వస్తుంది, బేకింగ్ ఎలాగూ సిమ్‌లోనే కాబట్టి ఇంకా ఎక్కువే వస్తుంది.

కానీ డచ్ ఓవెన్‌ని నేరుగా స్టవ్ మీద పెట్టడమే నాకు నచ్చదు. కాళ్లున్నదైతే గ్రిల్ మీద సరిగ్గా కూర్చోదు, చదును అడుగుది కావాలి. అంత బరువుని స్టవ్ మోస్తుందా అన్నది కూడా చూసుకోవాలి. సిలిండర్ బర్నర్ కిందే ఉండే రకం అయితే అసలు వద్దు, వెడల్పాటి ఇనప గిన్నె నుంచి సెగ కిందికి తన్ని సిలిండర్ వేడెక్కుతుంది, అది ప్రమాదం. గొట్టంతో సిలిండర్ దూరంగా ఉండే స్టవ్ అయితేనే పెద్ద గిన్నె పెట్టండి. అప్పుడు కూడా గిన్నె లోపల రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు స్టాండ్ వేసి, దాని మీద చిన్న కేక్ పళ్లెం పెట్టి, పది నిమిషాలు ముందే వేడి చేసుకుంటే అడుగు మాడదు. లోపల బాగానే ఉడుకుతుంది, పైన మాత్రం పాలిపోయి ఉంటుంది. పై రంగు అక్కర్లేనివాటికీ, మధ్యలో తిరగేయగలిగే చిన్న రొట్టెలకీ ఇది చాలు.

స్టవ్ ఒక్కటే దారి అయితే డచ్ ఓవెన్ మోసుకెళ్లడం కంటే స్టవ్ కోసమే చేసినవి తీసుకెళ్లడం నయం. రెండు రకాలున్నాయి. ఒకటి మడతపెట్టే పెట్టె ఓవెన్. విప్పితే సుమారు ముప్పై సెంటీమీటర్ల రేకు పెట్టె, తలుపు మీద థర్మామీటర్, బర్నర్ మీద కూర్చుంటుంది. గోడలు పల్చన కాబట్టి గాలి కొట్టగానే వేడి పడిపోతుంది. గాలికి అడ్డు పెట్టి, లోపల అడుగున పిజ్జా రాయిలాంటిది ఒకటి వేస్తే కొంచెం నిలకడగా ఉంటుంది. ఏటిలోంచి తీసిన తడి రాయి మాత్రం వేయకండి, లోపలి నీరు వేడెక్కి రాయి పేలొచ్చు. పళ్లెం చుట్టూ వేడిగాలి తిరగడానికి సందు వదలాలి, కాబట్టి చిన్న పళ్లేలే పడతాయి. కుకీలు, మఫిన్లు దీంట్లో నిజంగా బాగా వస్తాయి.

రెండోది మధ్యలో రంధ్రం ఉండే గుండ్రటి గిన్నె. స్వీడన్‌లో తయారయ్యే ఓమ్నియా ఈ రకంలో బాగా తెలిసిన పేరు. స్టీలు అడుగు, దాని మీద అల్యూమినియం గిన్నె, ఆ పైన మూత. వేడిగాలి రంధ్రంలోంచి పైకి వెళ్లి మూత కింద పరుచుకుంటుంది, అంటే మంట కిందే ఉన్నా సెగ పైనుంచి కూడా తగులుతుంది. ఎంత చక్కటి ఆలోచనో! పిండి మూడింట రెండు వంతులు మించకూడదు, పొంగి రంధ్రం మూసుకుపోతే అంతా పాడవుతుంది. బొగ్గుల మీద వచ్చినంత ఎర్రగా రాదు కానీ, తేలిగ్గా ఉంటుంది కాబట్టి సైకిల్ మీద వెళ్లేవాళ్లు కూడా తీసుకెళ్లొచ్చు. ఇద్దరికే అయితే ఇదే నా సలహా.

ఒక్క విషయంలో మాత్రం బొగ్గుకీ గ్యాస్‌కీ తేడా లేదు: రెండింటినీ టెంట్‌లోకి తీసుకెళ్లకూడదు. వాన పడుతున్నా సరే, చలి వేస్తున్నా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆరిపోయినట్టు కనిపించే బొగ్గుల నుంచి కూడా అది వస్తూనే ఉంటుంది. నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, పూర్తిగా చల్లారాకే పక్కకి వెళ్లండి.

కారు వెళ్లే చోటు, నలుగురైదుగురు మనుషులు, బొగ్గులకి అనుమతి ఉంటే నేను రెండో ఆలోచన లేకుండా డచ్ ఓవెన్, బొగ్గులే అంటాను. అడుగు చదునుగా, మూత అంచు లేచి ఉండే గిన్నె దొరికితే ఇంకో దారి కూడా ఉంది. గిన్నె కింద, గొట్టంతో సిలిండర్ దూరంగా ఉండే ప్రొపేన్ స్టవ్ అతి చిన్న మంట మీద, లోపల స్టాండ్, మూత మీద పదిహేను నిప్పులు. అడుగు సెగ నాబ్‌తో సర్దుకోవచ్చు, పై సెగ బొగ్గులు చూసుకుంటాయి, బొగ్గులూ తక్కువ పడతాయి. గాలి ఎక్కువగా ఉన్న రోజు మాత్రం దీని జోలికి పోవద్దు, గొట్టం మీద నిప్పు పడకూడదు.

బ్రెడ్ అయిందో లేదో చూడ్డానికి థర్మామీటర్ గుచ్చితే మధ్యలో 93 నుంచి 95 డిగ్రీలు ఉండాలంటారు. ఎత్తైన కొండల మీద మాత్రం ఆ అంకె కోసం ఎదురుచూడకండి. 3,000 మీటర్ల ఎత్తులో నీళ్లే 90 డిగ్రీల దగ్గర మరుగుతాయి, ఇక బ్రెడ్ లోపలి తేమ అంతకు మించి ఎలా వేడెక్కుతుంది? అక్కడ బ్రెడ్‌ని మందపాటి గుడ్డతో పట్టుకుని తిరగేసి, అడుగున వేలి కణుపుతో తట్టండి. డొల్లగా మోగితే అయినట్టు, మెత్తగా దబ్‌మంటే ఇంకో ఐదు నిమిషాలు.