బందరు రోడ్డు ట్రావెల్స్ వాళ్ళ క్రూయిజ్ ప్యాకేజీ: వీసాకి ఫుల్ మార్కులు, డుబ్రోవ్నిక్ రోజుకి పాస్ మార్కులు కూడా కష్టమే

ముందే తేల్చి చెప్పేస్తా. క్యాబిన్, ఫ్లైట్లు, వీసా, ఈ మూడూ కావాలంటే ఈ ఆఫీసుకి నిశ్చింతగా వెళ్ళొచ్చు. ఓడ ఆగిన ఊళ్ళో రోజంతా ఏం చెయ్యాలో కూడా వాళ్ళే చూసుకుంటామంటే మాత్రం నవ్వి, థాంక్సండీ అని చెప్పి ఆ కాలమ్ కొట్టేయించండి. పేరు రాయడం లేదు, ఎందుకంటే మిగతా ట్రావెల్స్ ఇచ్చిన కొటేషన్లు కూడా చూశాను, అన్నిట్లోనూ ఇదే వరస.

మేం నలుగురం వెళ్ళాం: నేను, మావారు, అత్తయ్యగారు, మావయ్యగారు. ఇటలీలో ఓడెక్కి ఏడ్రియాటిక్ తీరం వెంబడి క్రొయేషియా (డుబ్రోవ్నిక్ ఊరు అక్కడిదే), మాంటెనెగ్రో, గ్రీస్ చూసి రావడం. మావయ్యగారికి విజయవాడ వస్త్రలతలో హోల్‌సేల్ బట్టల కొట్టు ఉంది, ఆయన కొట్టు వదిలి ఇన్నిరోజులు బయటికి రావడమే గొప్ప.

వీసా సంగతి ముందు చెప్పాలి, అది వాళ్ళు నిజంగా బాగా చేశారు. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) చేరింది, యూరో కూడా అదే రోజు వచ్చింది, కాబట్టి ఇటలీ, క్రొయేషియా, గ్రీస్ మూడింటికీ ఒకటే వీసా చాలు. కానీ మధ్యలో కోటోర్ ఉందే, అది మాంటెనెగ్రో, షెంగెన్ బయట. అంటే ఒకసారి బయటికెళ్ళి మళ్ళీ లోపలికి రావాలి, సింగిల్ ఎంట్రీ వీసా ఉంటే అక్కడే కథ అడ్డం తిరుగుతుంది. ఆఫీసులో అమ్మాయి మేం అడక్కుండానే మల్టిపుల్ ఎంట్రీ పెట్టింది, బయోమెట్రిక్స్‌కి హైదరాబాద్‌లో నలుగురికీ ఒకే రోజు స్లాట్ పట్టింది. ఈ పనికి ఎంత తీసుకున్నా ఇవ్వొచ్చు.

ఇక వాళ్ళిచ్చిన కాగితం. ఎక్కేది వెనిస్ అని పెద్దక్షరాల్లో వేశారు. పెద్ద ఓడల్ని వెనిస్ పాత ఊరి ముందు నుంచి వెళ్ళనివ్వడం 2021 ఆగస్టులోనే ఆపేశారు, మా ఓడ ఉన్నది త్రియెస్తేలో. మావారు టికెట్ వివరాలు చదివారు కాబట్టి సరిపోయింది. డుబ్రోవ్నిక్ దగ్గర 'కూనాలు మార్చుకోవలెను' అని రాశారు, కూనా అంటే క్రొయేషియా పాత కరెన్సీ, అది పోయి ఎంత కాలమైందో పైనే చెప్పాను. అంటే ఎప్పుడో ఎవరికో చేసిన ప్లాన్‌నే పేర్లు మార్చి మాకిచ్చారన్నమాట.

డుబ్రోవ్నిక్ గురించి తెలియనివాళ్ళకి: సముద్రం ఒడ్డున చుట్టూ రాతిగోడ ఉన్న పాత ఊరు, గోడ చుట్టుకొలత దాదాపు రెండు కిలోమీటర్లు, కొన్ని చోట్ల ఎత్తు 25 మీటర్లు. నేల వైపు ఆరు మీటర్ల దాకా మందం, సముద్రం వైపు అందులో సగం దాకానే. 1808లో ఫ్రెంచివాళ్ళు రద్దు చేసేదాకా రగూసా అనే స్వతంత్ర వర్తక రాజ్యం. గోడ మీద పూర్తిగా తిరిగి రావొచ్చు, ఆ ఊరికి వెళ్ళేదే అందుకు. మరి మేం విజయవాడలోనే కట్టేసిన టూర్‌లో ఏం లేదంటారా? గోడే లేదు!

టూర్ ఎలా సాగిందంటే, పొద్దున్నే ఓడ థియేటర్‌లో కూర్చోబెట్టి చొక్కాలకి నంబర్ స్టిక్కర్లు అంటించారు, మన నంబర్ పిలిచేదాకా అక్కడే. బస్సులో కొండ పక్క రోడ్డు మీదకి తీసుకెళ్ళి పైనుంచి ఫోటో స్టాప్, అది బాగుంది, కాదనను. తర్వాత పిలే గేటు దగ్గర దింపి, చెవిలో పెట్టుకునే గైడ్ సెట్టు ఇచ్చి, స్ట్రాడున్ అనే మెయిన్ వీధి వెంబడి నడిపించారు. మూడొందల మీటర్ల వీధి, మాలాంటి గుంపులు ముందొకటి వెనకొకటి, ఒక గైడ్ మాట ఇంకో గైడ్ సెట్టులో. ఆ తర్వాత ప్లాన్ ప్రకారం నలభై నిమిషాలు ఫ్రీ టైమ్, మళ్ళీ బస్సు, మధ్యాహ్నం భోజనానికి ఓడలో. ఓడ బయల్దేరేది సాయంత్రం ఆరింటికి!

ఆ వీధి నడక కాగానే మావయ్యగారు అడిగేశారు, "అమ్మాయ్, మనం డబ్బు కట్టింది కోట చూడ్డానికా, బస్సు చూడ్డానికా?" అని. దాంతో గైడ్‌కి చెప్పి, మేం మా అంతట మేం వస్తామని కాగితం మీద సంతకం పెట్టి, గుంపులోంచి బయటపడ్డాం. అప్పటికి పదకొండు దాటింది, ఎండ ముదిరింది. బెజవాడ వాళ్ళకి ఎండేంటి అనుకోకండి. అక్కడ నేలా గోడా అన్నీ తెల్ల సున్నపురాయి, వేడి కింద నుంచి కూడా కొడుతుంది, గోడ మీద నీడ చాలా తక్కువ.

అత్తయ్యగారు ఇంద్రకీలాద్రి మీద మెట్ల పూజ చేసిన మనిషే, కానీ ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు. గోడ మీద వెయ్యికి పైగా మెట్లున్నాయి, ఎక్కాక మధ్యలో దిగిపోదామంటే దారులు రెండు మూడే. అందుకని ఆవిడా నేనూ కిందే ఉండి, మావారిని, మావయ్యగారిని పైకి పంపాం. నిజం చెప్పాలంటే మాకే బాగా గడిచింది. ఫ్రాన్సిస్కన్ మఠంలో 1317 నుంచీ ఉన్న మందుల షాపుంది, ఇప్పటికీ అమ్ముతున్నారు. పక్కనే ఒనోఫ్రియో ఫౌంటెన్, పదిహేనో శతాబ్దంలో కట్టింది, అందులో నీళ్ళు తాగొచ్చు, బాటిళ్ళు నింపుకున్నాం. ఊరి బయట ప్లోచే గేటు పక్కన లాజరెట్టి అని పాత భవనాల వరసుంది, వచ్చిన వర్తకుల్ని క్వారంటైన్‌లో పెట్టిన చోటు. ఆ పద్ధతికి ఈ ఊరు 1377లోనే చట్టం చేసింది. మన గైడ్ సెట్టులో వీటికి తలో ముక్క కూడా దక్కలేదు.

మగవాళ్ళు దిగొచ్చాక నలుగురం స్పోన్జా పాలెస్‌కి వెళ్ళాం, ఒకప్పటి కస్టమ్స్ ఆఫీసు అది. లోపల ఆర్చి మీద లాటిన్‌లో చెక్కి ఉంది: మా తూకపు రాళ్ళు మోసం చెయ్యనివ్వవు, మోసపోనివ్వవు, నేను సరుకు తూస్తున్నప్పుడు దేవుడు నన్ను తూస్తున్నాడు అని. మావారు ఫోన్‌లో చదివి తెలుగులో చెప్పారు. ఓర్లాండో అనే యోధుడి విగ్రహం ముంజేతి పొడవే, అంటే 51 సెంటీమీటర్ల చిల్లర, ఒకప్పుడు బట్టకి అధికారిక కొలత అని కూడా చెప్పారు. ఇక మావయ్యగారు కదిలితే ఒట్టు. కొలతలో పేచీ వస్తే బేరగాడిని నేరుగా విగ్రహం దగ్గరికే తీసుకెళ్ళొచ్చు కదా అని ఒకటే సంబరం. గోడ మీద నుంచి చూసిన కప్పుల గురించి కూడా చెప్పారు, కొన్ని పెంకులు వెలిసిపోయి, ఎక్కువ భాగం కొత్త నారింజ రంగులో ఉన్నాయట. 1991-92 యుద్ధంలో ఫిరంగి గుళ్ళకి పోయిన కప్పులు, మళ్ళీ వేసినవి.

ఇప్పుడు అదే రోజు నేను ప్లాన్ చేస్తే ఎలా చేస్తానో రాస్తా. ఓడ ఆగేది గ్రూజ్ రేవులో, పాత ఊరు అక్కడికి మూడు కిలోమీటర్లు. పోర్టు బయటే సిటీ బస్సులున్నాయి, పిలే గేటు దాకా వెళ్తాయి. డుబ్రోవ్నిక్ పాస్ అని ఒకటుంది, ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. గోడ ఒక్కదానికే సీజన్‌లో తలకి 35-40 యూరోలు ఉండేది మేం చూసినప్పుడు, ఒక రోజు పాస్ ధర కూడా దాదాపు అంతే, అందులో గోడతో పాటు మ్యూజియంలు, సిటీ బస్సు కూడా వస్తాయి. ఎండాకాలంలో గోడ పొద్దున్న ఎనిమిదింటికే తెరుస్తారు. ఓడ తలుపు తెరవగానే దిగి నేరుగా గోడకే వెళ్ళాలి, టూర్ గుంపులు స్టిక్కర్లు అంటించుకుంటున్న టైమ్‌కి మీరు పైన ఉంటారు. గోడ మీద నడక ఒకే దిక్కుకి. పిలే దగ్గర ఎక్కితే ముందు సముద్రం వైపు, చివర్లో అలసిపోయాక మించెటా బురుజు ఎత్తు. ప్లోచే వైపు ఎక్కితే ఆ ఎత్తంతా మొదట్లోనే అయిపోతుంది, తర్వాత సముద్రం గాలి తగులుతూ హాయిగా నడవొచ్చు. పెద్దవాళ్ళుంటే ఇది చాలా పెద్ద తేడా. అరిగిపోయిన హవాయి చెప్పులు వద్దు, స్ట్రాడున్ రాయి జనం తొక్కి తొక్కి నున్నగా అయిపోయింది, చుక్క నీళ్ళు పడితే జారుడే.

శాకాహారులకి తిండి ఒక తలనొప్పి. పిజ్జా, పాస్తా దొరుకుతాయి, గోడ లోపల రేట్లు చూస్తే ఆకలి దానంతటదే తగ్గుతుంది. ఓడలో టిఫిన్ గట్టిగా తిని దిగడం మేలు. మేం ఇంటి నుంచి తెచ్చుకున్న జంతికలు, పల్లీ చిక్కీలతో సరిపెట్టుకున్నాం.

టూర్ మనుషుల వైపు కూడా ఒక మాట చెప్పాలి. ఓడవాళ్ళు నడిపే టూర్‌లో ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా తిరిగితే ఆగదు. ఆ డబ్బు నిజానికి ఆ భరోసాకే. ఆరింటికి ఓడంటే ఐదున్నరకే ఆల్ అబోర్డ్, అంటే అందరూ ఓడెక్కేసి ఉండాలి, మేం నాలుగింటికే బస్సెక్కి కూర్చున్నాం, మావారి టెన్షన్ అలాంటిది మరి. సాయంత్రం ఆ రోడ్డు మీద ట్రాఫిక్ ఉంటుంది కాబట్టి ఆ మాత్రం గ్యాప్ పెట్టుకోవాల్సిందే. మీ ఓడ ఆ ఊళ్ళో నాలుగైదు గంటలే ఆగితే, లేదా రేవుకి రాకుండా సముద్రంలో ఆగి చిన్న పడవల్లో దింపితే, అప్పుడు టూర్ తీసుకోవడమే నయం.

కోటోర్‌కి మాత్రం ఏ టూరూ అక్కర్లేదు. దిగి రోడ్డు దాటితే ఎదురుగా కోట గేటే. దానికి కూడా మా దగ్గర బస్సు ప్యాకేజీ పేరుతో తలకింత అని విడిగా వసూలు చేశారు, అది తెలిశాక ఆఫీసుకెళ్ళి అడిగితే "అందరూ తీసుకుంటారు మేడమ్" అన్నారు. షోర్ ఎక్స్‌కర్షన్లు, అంటే ఓడ ఆగిన ఊళ్ళలో టూర్లు, అన్నీ విజయవాడలోనే ముందు కట్టాలి అంటే నమ్మకండి, సీట్లుంటే ఓడెక్కాక కూడా కొనుక్కోవచ్చు. ఐదుకి మూడు స్టార్లు, అందులో రెండున్నర వీసా చూసిన ఆ అమ్మాయివే.